బుధవారం కుర్చీలు

మా సార్ పోయారు. సోమవారం పొద్దున వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మంగళవారం మట్టి చేశారు. ఏ పేపర్లోనూ పడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నాకు చదువు తక్కువ. ఉన్నది ఉన్నట్టు చెప్పడం మాత్రం వచ్చు.

సార్ ఫిజిక్సు ప్రొఫెసరు. సికింద్రాబాద్‌లో ఒక పాత బంగ్లాలో యూనివర్సిటీ వాళ్ల పరిశోధన కేంద్రం ఉండేది. దాన్ని పెట్టింది ఆయనే. నేను అక్కడ అటెండరును. బాంబులు, క్షిపణులు, విషవాయువులు, వాటి మీద దేశాలు రాసుకునే ఒప్పందాలు, ఇవీ అక్కడి చదువులు. బోర్డు మీద సైన్సు, ఇంటర్నేషనల్ సెక్యూరిటీ, పాలసీ అని బారెడు పేరు. దారిన పోయేవాళ్లకు అందులో ఒక్క మాటే కనపడేది, సెక్యూరిటీ. కంటోన్మెంటు పక్కనే కదా, మిలిటరీలో రిటైరైన సిపాయిలు వాచ్‌మన్ నౌకరీలు ఇక్కడే ఇస్తారనుకుని సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చేవారు.

నేను గేటు దగ్గరే తిప్పి పంపుతుంటే ఒక బుధవారం సార్ బయటికొచ్చి, "ఉండనీవయ్యా. మన బోర్డు చదివి లోపలికొచ్చిన వాళ్లు వీళ్లే" అన్నారు. నౌకరీ లేదని చెప్పి, టీ తాగి పొమ్మని కూర్చోబెట్టారు. ప్రతి బుధవారం కూర్చుని మాట్లాడుకోవడం అలా మొదలైంది.

కుర్చీలు గుండ్రంగా వేయాలి. ముందు వరుస, వెనక వరుస ఉండకూడదు. డాక్టరేట్లు చేసేవాళ్లూ సిపాయిలూ పక్కపక్కనే. ఒకసారి విషవాయువు మాట వచ్చింది. గాలి పాడైతే ఏం చేయాలని మిలిటరీలో నేర్పారో చెప్పమని ఒక ముసలి హవల్దారును సార్ అడిగారు.

"ఊపిరి బిగవట్టుమన్నరు సార్."

"ఎంతసేపు?"

"అది చెప్పలె సార్."

అందరూ నవ్వారు. హవల్దారూ నవ్వాడు. సార్ నవ్వలేదు. మధ్యాహ్నమంతా "అది చెప్పలేదట" అని తనలో తాను అనుకుంటూ వరండాలో తిరిగారు.

సార్‌ది కృష్ణా జిల్లా వైపు. యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నారు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. ఎదుటివాడు వాదిస్తుంటే కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని, వాడు ఆపేదాకా మళ్లీ పెట్టుకునేవారు కాదు. "నీకేం తెలుసు" అనే మాట నేను ఇంట్లో విన్నాను, ఆఫీసులో విన్నాను. ఆయన నోట వినలేదు.

మన దేశం బాంబు పరీక్ష చేసిన రోజు మా చిలకలగూడ అంతా పటాకులు. నేను మిఠాయి డబ్బా తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన మూత తీయలేదు.

"పక్కోడు కట్టె పట్టుకుంటే మనం సుత పట్టుకోవద్దా సార్?" అని అడిగాను.

"పట్టుకో. వాడూ దించడు, నువ్వూ దించవు. అన్నం ఏ చేత్తో తింటారయ్యా ఇద్దరూ?"

అయినా కట్టె ఉండాలనే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ఆయన కళ్లద్దాలు తీసి పట్టుకుని, నా మాట కూడా చివరిదాకా విన్నారు.

తర్వాత కేంద్రం కరగడం మొదలైంది. రిటైరైన వాళ్ల పోస్టులు నింపలేదు. కుర్రాళ్లు కంప్యూటర్ కంపెనీల్లోకి పోయారు. హవల్దారు చచ్చిపోయాడు. ఒక్కో గది వేరే కోర్సులకు ఇచ్చేసి, మాకు ఒక్కటి ఉంచారు, దాని తాళంచెవి నా దగ్గరే. సార్ రిటైరయ్యాక కూడా, నేను రిటైరయ్యాక కూడా బుధవారం ఆపలేదు. ఆయన యాప్రాల్ నుంచి బస్సులో వచ్చేవారు, నేను తాళం తీసేవాణ్ణి. ఆయనకు వేరే కోరిక లేదు. తాను పోయినా ఆ ఒక్క గదిలో ఆ ఒక్క పూట నలుగురు కూర్చోవాలి. జీవితమంతా చెప్పారు, ఎవరు విన్నారు? బాంబులు తగ్గాయా? తగ్గింది మా కేంద్రమే.

సార్ ఆస్పత్రిలో పడ్డాక ఒక గురువారం నేను చూడటానికి పోయాను. గొంతు పోయింది, గాలే వస్తోంది. దగ్గరికి వంగమన్నారు.

"నిన్న కూర్చున్నారా?"

"ఎవ్వరు రాలె సార్."

"ఎవరూనా?"

"ఎవ్వరు రాలె."

వాళ్ల అమ్మాయి నా వైపు కోపంగా చూసింది. వచ్చారని ఒక్క మాట అంటే ఏం పోయేదని బయట అడిగింది. ఆయనకు అబద్ధం చెప్పేవాళ్లు ఢిల్లీ సర్కారులో చాలామంది ఉన్నారమ్మా, నేనెందుకు అని చెప్పి వచ్చేశాను. అదే ఆఖరు.

మట్టి చేసిన మర్నాడు బుధవారం. పోయి తాళం తీశాను. కుర్చీలు గుండ్రంగా వేసి, ఫ్యాను తిప్పి ఒకదాంట్లో కూర్చున్నాను. చాలాసేపటికి పక్క గదిలోని కంప్యూటర్ కోర్సు క్లర్కమ్మ తొంగిచూసింది. "అంకుల్, ఇవి ఖాళీయే కదా? మాకు పిల్లలు ఎక్కువైన్రు" అంది. ఖాళీయే అన్నాను. ఖాళీ కాదని ఎట్లా అంటాను. ఆ అమ్మ రెండు తీసుకుపోయింది, మళ్లీ వచ్చి రెండు. పక్క గదిలో పిల్లలు సర్దుకుంటున్న చప్పుడు, నవ్వులు. గుండ్రం కాస్తా సగమైంది, తర్వాత అదీ పోయింది. నేను కూర్చున్నదొక్కటే మిగిలింది. ఆ అమ్మ ఇంకోసారి వచ్చి, ఏమీ అడగకుండా, గడప దగ్గర నిలబడింది.