మఫ్లరు మనిషి వెంట రాగా చిత్తూరు నుంచి పులికాట్ దాకా

పోయిన వారం ఒకమ్మాయి ఈ ప్రయాణాల శీర్షికకు రాసింది. తిరుపతి చూసుకుని, అటునుంచి సూళ్ళూరుపేట మీదుగా పులికాట్ వెళ్ళాలనుకుంటోందట, ఒంటరిగా. "ఎవరైనా వెంటపడితే ఎలా తెలుస్తుంది మేడమ్? తెలిస్తే ఏం చెయ్యాలి?" అని అడిగింది. బస్సు వేళలు అడిగేవాళ్ళు బోలెడుమంది గానీ ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఎనభైల మొదట్లో ఒక మాఘమాసపు రోజున మా అక్కతో కలిసి సరిగ్గా ఆ దారినే వెళ్ళాను. ఒక మనిషి పొద్దుటినుంచి మా వెనకే ఉన్నాడు. రాస్తే అక్కకు ప్రమాదమని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. మా బావ పోయి నాలుగేళ్ళయింది. ఇక దాచాల్సిన అవసరం లేదు.

మా అక్క పేరు సరస. చిత్తూరులో మామిడికాయల వ్యాపారం చేసే మనిషికిచ్చి పెళ్ళి చేశారు. బజారులో ఆయనంత మర్యాదస్తుడు లేడు, ఇంట్లోకి వస్తే చెయ్యి ఊరుకోదు. అక్క రెండుసార్లు పుట్టింటికి వచ్చేసింది. రెండుసార్లూ ఆయన జీపు వేసుకుని వచ్చి, నలుగురు పెద్దమనుషుల చేత మంచి మాటలు చెప్పించి తీసుకుపోయాడు. రెండోసారి వెళ్ళిన వారానికే అక్క కుడి మణికట్టు విరిగింది. కట్టు సరిగ్గా కట్టక ఎముక వంకరగానే అతుక్కుంది. ఆ చెయ్యి చూశాక, ఈసారి పుట్టింటికి కాదు, ఎవరికీ తెలియని చోటికే పంపాలని నేను పట్టుబట్టాను. నాతో చదువుకున్న మేరీ అప్పుడు పులికాట్ ఒడ్డున ఒక జాలరి పల్లెలో ఆడపిల్లల హాస్టలు చూసుకునేది. వంటకు, పిల్లల మంచిచెడ్డలకు ఒక మనిషి కావాలంది. అక్క అక్కడికి చేరాలి, చేరిన సంగతి బావకు తెలియకూడదు. మాకు కావలసింది అంతే.

కొండ మీద మూడు కత్తెర్ల మొక్కు ఉందని, చెల్లెలితో వెళ్ళి సాయంత్రానికల్లా వచ్చేస్తానని అక్క బావతో చెప్పింది. మూడు కత్తెర్లంటే, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఆడవాళ్ళు గుండు చేయించుకోకుండా జడ చివర మూడుసార్లు కత్తిరించి ఇస్తారు. బావ వెంటనే సరే అన్నాడు. ఎప్పుడూ లేనిది అంత సులువుగా ఒప్పుకున్నాడంటే మాకప్పుడే అనుమానం రావాల్సింది. నేను మాత్రం అద్దె డిటెక్టివ్ నవలల్లో చదివిన తెలివంతా బయటికి తీసి అక్కకు నల్ల కళ్ళద్దాలు కొనుక్కొచ్చాను. మా వీధిలో ఉండే రిటైరైన హెడ్ కానిస్టేబుల్ మామ అవి చూసి పడీ పడీ నవ్వాడు. "పసుపు కోక, నల్లద్దాలు. ఊరంతా తిరిగి సూస్తాది పాపా. పదిమందిలో కలిసిపోవాలంటే పదిమంది మాదిరే ఉండాల. ఎవురన్నా ఎంటబడినారని అనిపిస్తే ఎనక్కి తిరిగి సూడొద్దు. మీకు పనీ పాటా లేని సోట దిగండి. మీతోపాటు ఎవురు దిగుతారో సూడండి, సాలు" అన్నాడు. కళ్ళద్దాలు ఆయనకే ఇచ్చేశాను.

తెల్లవారి అయిదూ ముప్పావుకు పసుపు చీరలు, పసుపు సంచీ, నుదుట నామాలతో చిత్తూరు బస్టాండులో ఉన్నాం. చంద్రగిరి మీదుగా వెళ్ళే తిరుపతి బస్సు రెండు గంటల్లో చేరుస్తుంది. ఎవరైనా వెంటపడితే తెలుస్తుందని మేము కావాలనే కార్వేటినగరం మీదుగా వెళ్ళే పుత్తూరు బస్సెక్కాం. టికెట్టు మనిషికి ఆరు రూపాయల చిల్లర. "తిరుపతికి ఇట్లెందుకమ్మా సుట్టు?" అని కండక్టరు అడిగితే, పుత్తూరులో మా పిన్నిని పలకరించాలని చెప్పాను. ఆ పిన్నిని అప్పటికప్పుడు పుట్టించాను. చలికి తలంతా మఫ్లరు చుట్టుకున్న ఒక మనిషి వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. కార్వేటినగరంలో బస్సు ఆగినప్పుడు అందరూ టీకి దిగారు, ఆయన దిగలేదు. పుత్తూరులో మేము తిరుపతి బస్సు మారితే అందులోనూ ఉన్నాడు. పుత్తూరు నుంచి తిరుపతికి వెళ్ళేవాళ్ళు సవాలక్ష మంది ఉంటారు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

అయినా మామ మాట గుర్తొచ్చి, వడమాలపేటలో ఏ పనీ లేకుండా దిగాం. మా వెనకే మఫ్లరు మనిషి కూడా దిగాడు. రోడ్డు పక్క తాటాకు పందిరి కింద ఒకామె దోసెలు పోస్తోంది. వెళ్ళి బల్ల మీద కూర్చున్నాం. ఆయన ఎదురు బల్ల మీద కూర్చుని, ఎండెక్కిందని మఫ్లరు తీశాడు. అక్క తల వంచుకునే, "రెండోసారి నన్ను తీసుకుపోయేదానికి జీపు తోలుకోనొచ్చినోడు ఈయప్పే వసంతా" అంది. మమ్మల్ని పట్టుకుపోవడం ఆయన పని కాదు. మేమెక్కడికి వెళతామో చూసి బావకు చెప్పడం ఆయన పని. ఇప్పుడిక్కడే గొడవ పెట్టుకుంటే అక్కను సాయంత్రానికి మళ్ళీ ఆ ఇంట్లోనే దించుతారు.

దోసెలామె చట్నీ వడ్డిస్తూ మెల్లగా అడిగింది. "ఆయప్ప మీవోడా పాపా? టీ సల్లారిపోయినా తాగకుండా మిమ్మల్నే సూస్తాండాడు."

"మావాడు కాదక్కా."

"అట్లయితే నిండా జనముండే బస్సే ఎక్కండి. పూలబుట్టలోళ్ళు వస్తారు ఇబ్బుడు, వాళ్ళ మద్దిలో కూసోండి. ఆడ మొగోడు దూరలేడు."

అలాగే చేశాం. బంతిపూల బుట్టల మధ్య ఇరుక్కుని పదిన్నరకు తిరుపతి చేరాం. మఫ్లరు మనిషి ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వచ్చాడు. అక్కడినుంచి కొండ బస్సు. ఘాటు రోడ్డులో నాకు ఎప్పుడూ కడుపులో తిప్పుతుంది, ఆ రోజు అది కూడా గుర్తురాలేదు. ఆయన మాకు రెండు సీట్ల వెనక ఉన్నాడు. అక్క కిటికీలోంచి చూస్తూ, "మూడు కత్తెర్లయితే ఇట్లనే ఉంటాను. గుర్తుపడతాడు" అంది. ఆ మాటతో ఏం చేయబోతోందో నాకు అర్థమైంది.

కళ్యాణకట్ట దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. ఆయన బయట స్తంభం పక్కన నిలబడ్డాడు. మేము లోపలికి వెళ్ళాం. క్షురకుడు అక్క జడ చేతిలోకి తీసుకుని కత్తెర అందుకున్నాడు.

"గుండు చెయ్యి నాయనా" అంది అక్క.

ఆయన ఆగాడు. "మోకాళ్ళ దాకా ఉండాది తల్లీ జుట్టు. మల్లా ఒగసారి అనుకో."

"అనుకున్నా. కానీప్పా."

పక్కన నేను కూడా తల వంచాను. ఇద్దరినీ వెతుకుతున్నవాడికి నా జడ కనిపించినా అక్క దొరికిపోతుంది. వచ్చే నెల నాకు పెళ్ళిచూపులు. గుండు పిల్లను చూసి వాళ్ళు ఎలాగూ కాఫీ తాగి వెళ్ళిపోతారని తెలుసు, వెళ్ళిపోయారు కూడా. అందుకు నేను ఏడవలేదు. అక్క జుట్టు కుప్పగా నేల మీద పడినప్పుడు మాత్రం ఏడ్చాను. చిన్నప్పటినుంచి ఆ జుట్టుకు నూనె రాసింది నేనే.

స్నానాలు చేసి, పసుపు చీరలు విప్పి, సంచీ అడుగున దాచుకొచ్చిన పాత వాయిలు చీరలు కట్టుకున్నాం. గుండ్లకు గంధం పూసుకున్నాం. పసుపు సంచీ అక్కడే ఒక ముసలాయనకిచ్చి, బట్టలు మూట కట్టాం. బయట వందల గుండ్లు, అన్నిటికీ గంధం. మఫ్లరు మనిషి స్తంభం పక్కనే నిలబడి జడల వైపే చూస్తున్నాడు. ఆయనకు నాలుగడుగుల దూరంలో నడిచి వెళ్ళాం. సరిగ్గా అప్పుడే అక్క చెయ్యి, ముందుకు పడిన జడను వెనక్కి వేసుకున్నట్టుగా భుజం మీదికి లేచింది. లేని జడ కోసం. చటుక్కున ఆ చెయ్యి పట్టుకుని నా చంకలో ఇరికించుకున్నాను. బట్టలు మార్చుకోవడం ఎంతసేపు, అలవాటు మార్చుకోవడమే కష్టం.

ధర్మదర్శనం వరుస చూస్తే రాత్రికి కూడా తెమిలేలా లేదు. అక్క గోపురం వైపు తిరిగి చేతులు జోడించి, "మల్లీ వస్తా సామీ" అంది. దర్శనం లేకుండానే కొండ దిగాం. తప్పు అక్కడ జరిగింది. తిరుపతి బస్టాండులో రెండున్నరకు సూళ్ళూరుపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కాళహస్తి, నాయుడుపేట మీదుగా మూడు గంటల ప్రయాణం. ముగ్గురు పట్టే సీట్లో ఒక ముసలామె పక్కన కూర్చున్నాం. ఆమె కూడా గుండు చేయించుకుని కొండ దిగినామే.

ఇంతలో మఫ్లరు మనిషి బస్సెక్కాడు. కొండ మీద మేము కనబడకపోయేసరికి కిందికి వచ్చి ఒక్కొక్క బస్సూ వెతుకుతున్నట్టున్నాడు. ముందు సీటు నుంచి ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వస్తున్నాడు. ఆ సమయంలోనే ముసలామె నా మోచెయ్యి తట్టి, బస్సంతా వినపడేలా అడిగింది. "గుండ్లు కొట్టిచ్చుకోనొచ్చినారు గదా. పెసాదం ఏది పాపా? రోంత నోట్లో పెట్టు."

కొండ దిగి వచ్చినవాళ్ళ దగ్గర ప్రసాదం ఉండకపోవడమేమిటి. మా ఊళ్ళలో కొండకు వెళ్ళొచ్చిన మనిషి ముందు చేసే పని పక్కవాళ్ళ చేతిలో చిటికెడు ప్రసాదం పెట్టడం. వేషమంతా వేసుకుని అసలుది మరిచిపోయాం. చుట్టుపక్కలవాళ్ళు మా మూట వైపు చూశారు. ఆయన కూడా తలెత్తి ఇటు చూశాడు. అక్క మూటను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ముసలామె చూపు అక్క వంకర మణికట్టు మీద ఆగింది. అక్కడినుంచి అక్క ముఖానికి, అక్కడినుంచి వరుసల మధ్య వస్తున్న మనిషికి వెళ్ళింది.

"నా మతిమరుపు మన్నుబడ," అందామె అదే గొంతుతో. "మీ లడ్లు గూడా నా సంచిలోనే యేసుకుంటిని గదా." సంచిలోంచి లడ్డు తీసి విరిచి మా ఇద్దరి చేతుల్లో పెట్టింది. ఆయన మా సీటు పక్కకే వచ్చాడు.

"ఎవురవ్వా వీళ్ళు?"

"నా కోడండ్లప్పా. ఇద్దురూ తలనీలాలిచ్చినారు, నా కొడుకు జబ్బు నయమై మంచం దిగినాడని. ఇందా, నువ్వూ తీసుకో నాయనా, సామి పెసాదం." పెద్ద ముక్కే అందించింది.

ప్రసాదం వద్దనే మనిషి ఆ సీమలో లేడు. ఆయన మఫ్లరు చంకలో పెట్టుకుని, రెండు చేతులూ పట్టి, కళ్ళు మూసుకుని, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. వెనకనుంచి కండక్టరు, దిగేవాళ్ళు దిగండి అని కేక వేశాడు. ఆయన దిగిపోయాడు. మమ్మల్ని నిజంగా గుర్తుపట్టలేదో, నోట్లో ప్రసాదం ఉండగా ఆ ముసలామెను అబద్ధమాడావని అనలేకపోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. బస్సు రేణిగుంట దాటాకే ఆ లడ్డు ముక్క నోట్లో వేసుకున్నాను.

కాళహస్తిలో ఆమె దిగుతుంటే అక్క ఆమె కాళ్ళకు దండం పెట్టి, మేము ఎక్కడికి వెళుతున్నామో చెప్పబోయింది. ఆమె అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "యాడికి పోతాండారో నాకు సెప్పొద్దమ్మణ్ణీ. తెలిసుంటే ఎవురన్నా అడిగినబ్బుడు నోరు జారతాది." అంతే, సంచీ భుజానికి వేసుకుని వెళ్ళిపోయింది. పేరు అడగాలని కూడా మాకు తోచలేదు.

అయిదున్నరకు సూళ్ళూరుపేటలో దిగి జట్కా కట్టించుకున్నాం. పల్లె చేరేసరికి పడవలు ఒడ్డుకు లాగుతున్నారు, ఎండు రొయ్యల వాసన గాలి నిండా ఉంది. మేరీ మా గుండ్లు చూసి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా వేడి గంజి పెట్టింది. తరువాత అక్కకు ఒక చిన్న గది చూపించింది. చాప, కుండ, ఒక చెక్క తలుపు, అంతే. అక్క తలుపు దగ్గరే నిలబడిపోయింది. గడియ లోపలి వైపు ఉంది. అక్క ఆ గడియ వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. లోపల ఆమె ఏడవడం మాకు వినపడుతూనే ఉంది. తలుపు తియ్యమని మేరీ అనలేదు, నేనూ అనలేదు. చిత్తూరు ఇంట్లో అక్క గదికి గడియ బయట ఉండేదని ఆ రాత్రే నాకు చెప్పింది.

ఇప్పుడు ఆ దారిలో బస్సులు చాలా ఉన్నాయి, చేతిలో ఫోనూ ఉంది. అయినా ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు పాతదే. వెంటపడినవాడిని కనిపెట్టడానికి నాకు మామ చెప్పిన ఉపాయం సాయపడింది, దాక్కోవడానికి గుండు సాయపడింది. కానీ మేము నేర్చుకున్న తెలివంతా ఒక చిటికెడు ప్రసాదం దగ్గర అయిపోయింది. ఆ తరువాత మమ్మల్ని కాపాడింది దారిన పోయే ఒకామె. ఎవరికీ తెలియకుండా బతకడమంటే ఒంటరిగా బతకడమని నేను అనుకునేదాన్ని. అది తప్పని ఆ రోజు తెలిసింది.

ప్రయాణానికి ఒక్కటే సలహా. ఎవరో వెంట వస్తున్నారని అనుమానమొస్తే వెళ్ళాల్సిన చోటికి నేరుగా వెళ్ళకండి. జనమున్న చోట దిగి, సంచులతో కూర్చున్న పెద్దామె పక్కకు చేరి, "నన్ను మీ మనిషినని చెప్పండి" అని అడగండి. మీ పక్కన అలాంటి పిల్ల ఎవరైనా వచ్చి కూర్చుంటే, ఏమైంది, ఎక్కడికి అని ఆరా తియ్యకండి. మా కోడలని చెప్పెయ్యండి. అది అబద్ధమే. ఆ ఒక్క అబద్ధంతో మా అక్క ఇన్నేళ్ళుగా పులికాట్ ఒడ్డున తన గదికి తనే గడియ వేసుకుని నిద్రపోతోంది.