ఎగ్మూరు హాకీ గ్యాలరీలో అక్కా నేనూ

మా అక్క ఒక పాకిస్తాన్ ఆటగాడి కోసం ఈల వేస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ని కాదు. పక్కనే కూర్చుని చూశాను కాబట్టి నమ్మక తప్పలేదు.

అక్క స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో. మేం పుట్టింది చూలైలో, అక్క ఇప్పటికీ అక్కడే ఉంటోంది. ముత్తాతల నాటి నుంచి మద్రాసులోనే పాతుకుపోయిన తెలుగు కుటుంబం. మా నాన్నకు ఇంటి పక్క సందులోనే చిన్న లేతు వర్క్‌షాపు ఉండేది. ఆదివారం షాపు మూసి, నూనె చేతులు కడుక్కుని, మా ఇద్దరినీ ఎగ్మూరు మైదానానికి నడిపించుకుని పోయేవాడు. అప్పట్లో అక్కడ ఈ నీలం టర్ఫ్ ఎక్కడిది? బంతి కదిలిన చోటల్లా దుమ్ము లేచేది. ఇంటికొచ్చాక అమ్మ మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి కాళ్ల మీద నీళ్లు పోసేది.

పాకిస్తాన్‌తో ఆట ఉన్న రోజు అక్క రేడియో ముందు నుంచి లేచేది కాదు. మనవాళ్లు ఓడిపోతే ఆ పూట అన్నం ముట్టేది కాదు. ఆ దేశపు సెంటర్ ఫార్వర్డుల పేర్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. తిట్టుకోవడానికి.

అలాంటి మనిషి ముందుకు ప్రొఫెషనల్ లీగ్ వచ్చింది. పదేళ్ల పైమాట. జాతీయ జట్టు ఆటగాళ్లు, విదేశీయులు, అందరూ కలిసి ఊళ్ల పేర్లతో ఆడడం మాకు కొత్త. మా ఊరికి కూడా ఒక జట్టు వచ్చింది. పేపర్లో జట్టు ఫొటో చూసి అక్కకు ఫోన్ చేశాను. పంజాబు వాళ్లున్నారు, కొడగు వాళ్లున్నారు, మన తమిళ పిల్లలున్నారు, పాకిస్తాన్ నుంచి ఒకతను కూడా వచ్చాడని చెప్పాను.

"ఎవురూ? వాడు మన జట్టులోనా? అయితే నేను రానుపో," అని ఫోన్ పెట్టేసింది.

మ్యాచ్ రోజు సాయంత్రం నేను గేటు దగ్గరికి చేరేసరికి నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. "ఏందిరా ఇంత లేటు? ఆడ చూడు, జనం తోసుకుంటా ఉండారు," అంది, అసలేమీ జరగనట్టు.

స్కోరు సమంగా ఉంది. ఆట ముగిసే వేళకు మాకు పెనాల్టీ కార్నర్ దొరికింది. గోల్ లైన్ దగ్గర నుంచి ఒకడు బంతిని బయటికి నెడితే, సర్కిల్ అంచున మరొకడు ఆపుతాడు, మూడోవాడు కొడతాడు. ఆ మూడోవాడు ఆ పాకిస్తాన్ అతనే. వంగి, బంతిని కర్రకు అంటించుకున్నట్టు లాగి, ఒంటి బరువంతా వేసి విసిరాడు. బంతి ఎటు పోయిందో నేను చూడలేదు. నెట్టు పైకప్పు ఊగడం చూశాను. అదే క్షణాన నా ఎడమ చెవిలో ఏదో చీరుకుపోయినట్టయింది. తిరిగి చూస్తే అక్క. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జారిపోతుంటే, ఈల.

నా జీవితంలో అక్క ఈల వినడం అదే మొదటిసారి. గోల్ సంగతి మరిచిపోయి ఆమెనే చూస్తూ ఉండిపోయాను.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"చిన్నప్పుడే. నాన్నకి తెలిస్తే తంతాడని ఏసేదాన్ని కాదు."

"పాకిస్తాన్ వాడికా?"

"రేపు వాళ్ల దేశానికి ఆడేటప్పుడు మళ్లీ తిడతా. ఈ పొద్దు మనోడు."

ఆ సీజన్లో మా ఊళ్లో జరిగిన ఆటలన్నింటికీ వెళ్లాం. మరుసటి ఏడాది ఆ రోజులు దగ్గర పడుతున్నా పేపర్లో ఒక్క ముక్క లేదు. "సుమ్మా ఊరికే కూచోక, పోయి అడగరాదా," అని అక్క పోరితే ఆఫీసు నుంచి నేరుగా ఎగ్మూరు వెళ్లాను. గేటుకు తాళం. లోపల కాలేజీ పిల్లలెవరో పరుగు పందెం ప్రాక్టీసు చేస్తున్నారు. వాచ్‌మన్ తమిళంలో చెప్పాడు, ఈ ఏడు లీగ్ లేదు సార్, ఇక మీదట ఉంటుందో లేదో కూడా తెలియదు అని. నేను పొరబడ్డానేమోనని మళ్లీ అడిగాను. అతను మళ్లీ అదే చెప్పాడు.

నేను అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడిపోయాను. జట్టు ఓడిపోతే ఏం చేయాలో మాకు తెలుసు. తిట్టుకుంటాం, కాఫీ తాగుతాం, పడుకుంటాం. జట్టే లేకుండా పోతే ఏం చేయాలో తెలియలేదు. అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"ఆ పిల్లోళ్లంతా యాడికి పోయుంటారురా?" అంది.

ఆ తర్వాత వేరే లీగ్ మొదలైందిగానీ అందులో మా ఊరు లేదు. అదీ కొన్నాళ్లకు ఆగిపోయింది. మళ్లీ మొదలైనప్పుడు ఈసారి మా రాష్ట్రం పేరుతో జట్టు వచ్చింది. మొదట్లో ఆటలు వేరే ఊళ్లో జరిగేవి, టీవీలో చూసేవాళ్లం. చివరికి ఎగ్మూరుకే వస్తున్నాయని తెలిసిన రోజు అక్క మోకాలి నొప్పికి పట్టీ కొనుక్కుంది, గ్యాలరీ మెట్లెక్కడానికి.

మొదటి మ్యాచ్ హైదరాబాద్ జట్టుతో. నాతో వస్తానన్న మా అబ్బాయికి ఆఖరి నిమిషంలో ఆఫీసు పని పడింది. వాడి బదులు కోడలు బయల్దేరింది. వాళ్లది కరీంనగర్. పెళ్లయ్యాక మద్రాసు వచ్చి ఓఎంఆర్ రోడ్డులో ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. చూలైలో అక్కను ఎక్కించుకున్నాక ఆటోలో అడిగింది, "మామయ్యా, హాకీ అంటే మంచు మీద ఆడేది గాదా?"

అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

అవతలి జట్టు హైదరాబాద్ అని తెలిశాక కోడలికి హుషారొచ్చింది. "అయితే పెద్దత్తమ్మా, నేను మా హైదరాబాద్ దిక్కే."

"ఈడ నా పక్కన కూచోని ఆ పక్కకి అరిస్తే నీకు శనగల సుండల్ పెట్టను చూడు," అంది అక్క, సంచిలో డబ్బా చూపిస్తూ. కోడలు నవ్వి డబ్బా లాక్కుంది.

మూడు క్వార్టర్లు మావే. రెండు గోల్స్ ఆధిక్యంలో ఉన్నాం. డప్పుల మోత, మా ముందు వరుసలో కుర్రాళ్లు చొక్కాలు విప్పి తిప్పుతున్నారు. నేను మా అబ్బాయికి మెసేజ్ కూడా పెట్టాను, అయిపోయింది, గెలిచేశాం అని.

నాలుగో క్వార్టర్లో హైదరాబాద్‌కు పెనాల్టీ కార్నర్ వచ్చింది. బంతి కదలగానే కొట్టేవాడి మీదికి దూసుకుపోవడానికి మా వైపు నుంచి ఒకణ్ని ఉంచుతారు. ముఖానికి మాస్కు, మోకాళ్లకు ప్యాడ్లు తప్ప ఇంకేం ఉండవు. తన ఒళ్లు అడ్డం పెట్టడమే అతని పని. ఆ రోజు ఆ పని చేసింది తమిళ పిల్లాడు, సన్నగా, పొడుగ్గా. పరిగెత్తాడు. బంతి వచ్చి నేరుగా మాస్కు కింది అంచున తగిలింది. ఆ చప్పుడు గ్యాలరీ పైదాకా వినిపించింది. అతను చేతులైనా అడ్డం పెట్టుకోకుండా ముందుకు బోర్లా పడ్డాడు.

డప్పులు ఆగిపోయాయి. కోడలు నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు దిగుతున్నాయని నాకు తర్వాత తెలిసింది.

"మామయ్యా, ఆయన కదుల్తలేడు."

డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. మాస్కు తీశారు. నీలం టర్ఫ్ మీద ఎర్రగా కనిపించింది. హైదరాబాద్ తరఫున బంతి కొట్టిన ఆటగాడు కర్ర పారేసి, పక్కనే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఎంతసేపటికో పడినవాడి చెయ్యి కొంచెం లేచింది. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే అందరం లేచి నిలబడ్డాం. అక్క మాత్రం కూర్చునే రెండు చేతులూ జోడించింది.

నేను అరవై ఏళ్లుగా హాకీ చూస్తున్నాను. దెబ్బలు చూశాను, రక్తం చూశాను. ఒక మనిషి ఉన్నట్టుండి అలా వస్తువులా పడిపోవడం మాత్రం అంతకు ముందు చూడలేదు.

ఆట మళ్లీ మొదలైంది కానీ మా వాళ్లు మునుపటిలా లేరు. ఒంట్లో సగం ప్రాణం ఆ స్ట్రెచర్ వెంటే పోయినట్టు ఆడారు. మరో పెనాల్టీ కార్నర్, గోల్. ఆధిక్యం ఒకటికి తగ్గింది. సమయం కొద్దిగానే ఉందని హైదరాబాద్ వాళ్లు తమ గోల్‌కీపర్‌ను బయటికి పిలిపించి, బదులుగా మరో ఆటగాణ్ని దించారు. వాళ్ల గోల్ ఖాళీ.

"గట్ల ఖాళీగ ఇడ్సిపెడ్తరా?" అంది కోడలు నమ్మలేక.

"తెగించినప్పుడు అట్టే చేస్తారు," అంది అక్క.

మా ఫార్వర్డు ఒకడు మధ్యలో బంతి లాక్కున్నాడు. ముందర ఎవరూ లేరు. సర్కిల్లోకి వచ్చి కొట్టాడు. నేను అప్పటికే లేచి రెండు చేతులూ పైకెత్తాను. బంతి గోల్ పోస్టుకు తగిలి, టంగుమని, వెనక్కి వచ్చింది. ఆ ఫార్వర్డు జుట్టు పట్టుకుని నిలబడ్డాడు. అతను నిలబడినంత సేపట్లో వాళ్లు బంతిని ఈ చివరికి తెచ్చి మా గోల్లో వేసేశారు. మా వాళ్లు రివ్యూ అడిగారు. పెద్ద తెర మీద నిదానంగా చూపించారు. గోలే. రెండు రెండు.

నా చేతులు ఇంకా పైనే ఉన్నాయని అక్క నా చొక్కా పట్టి లాగితే తెలిసింది.

ఆట సమంగా ముగిసింది కాబట్టి ఇక షూటవుట్. అందులో ఆటగాడూ గోల్‌కీపరూ ఎదురెదురు, ఎనిమిది సెకన్లలో గోల్ వేయాలి. అక్క కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నేను చూడలేను. నువ్వు చెప్పవే," అంది కోడలితో.

ఆట తెలియని కోడలు మొదలుపెట్టింది. "మనోడు పోతుండు పెద్దత్తమ్మా. అటు తిప్పిండు. గోల్‌కీపర్ కింద వడ్డడు. ఆఁ, వేసిండు." తర్వాత వాళ్ల వంతు. "వాళ్లు గూడ వేసిన్రు." అలా సాగింది. ఆమె 'మనోడు' అంటున్నది మా జట్టునని నాకు కాసేపటికి గానీ తట్టలేదు. చివరి మా ఆటగాడు గోల్‌కీపర్ చుట్టూ తిరుగుతూ తిరుగుతూ ఉండగానే హూటర్ మోగింది. కోడలు ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడంతోనే అక్కకు అర్థమైంది.

హైదరాబాద్ వాళ్లు గెలిచారు. గ్యాలరీ మెల్లగా ఖాళీ అవుతోంది. మేం ముగ్గురం కదల్లేదు.

"గెలిచింది మావోళ్లే గనీ మంచిగనిపిస్తలేదు మామయ్యా," అంది కోడలు.

అక్క కళ్లజోడు పెట్టుకుని ఖాళీ టర్ఫ్ వైపు చూసింది. "పావం, ఆ పిల్లోడి తల్లి టీవీలో చూస్తా ఉండి ఉంటాది," అంది. మెట్లు దిగేటప్పుడు ఒక పక్క నేను, ఒక పక్క కోడలు పట్టుకున్నాం.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసి పేపర్లో వార్త చదివి వినిపించింది. దవడ ఎముక చిట్లింది, ప్రాణభయం లేదు, ఈ సీజన్ ఇక ఆడడు. చదివింది మళ్లీ మొదటి నుంచి చదివింది. అప్పటికే కోడలు ఆ కుర్రాడి పేరుతో ఫోన్లో వెతికి, ఆసుపత్రి మంచం మీద బొటనవేలు ఎత్తి చూపిస్తున్న ఫొటో సంపాదించింది. దాన్ని అక్కకు పంపింది. అక్కకు ఫోన్లో ఫొటో తెరవడం చాతకాక చూలై నుంచి ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చి, కోడలి ఫోన్లో చూసి, కాఫీ తాగి వెళ్లింది.

తర్వాతి మ్యాచ్‌కి కూడా ముగ్గురం వెళ్లాం. మా అబ్బాయి వస్తానన్నా కోడలు తన సీటు వదల్లేదు. ఆ రోజు మా జట్టు గెలిచింది. ఎలా గెలిచింది, గోల్స్ ఎవరు వేశారు అని అడిగితే మాత్రం నాకు ఒక్కటీ సరిగ్గా గుర్తు లేదు; నేను ఎక్కువగా చూసింది పక్కనున్న వాళ్లిద్దరినే.