ప్రింటర్ మీద రెండు దెబ్బలు

నాచారం అట్టడబ్బాల కంపెనీ ఆఫీసుల ప్రింటర్ ఆగితే, పన్నెండేండ్ల సంది "ఎబినేజరన్నా, జర సూడు" అనేటోళ్లు. ఆయన అంగి అంచుతోని కండ్లద్దాలు తుడుసుకొని, దాని మీద రెండు దెబ్బలు కొట్టి నడిపిస్తుండె. కొత్తగ చేరిన దోర్కా, ఏది ఆగితే ఏం చెయ్యాల్నో చీటీలు రాసి అందరి కంప్యూటర్లకు అంటించింది. ఇగ అన్నను పిలిచెటోళ్లే లేరు. ఆ చీటీలు కనబడితే సాలు, ఆయన కడుపు మండేది. ఒకనాడు అందరు అన్నం తినపోంగనే ప్రింటర్ వెనుక వైరు జర గుంజి, ఏమెరుగనట్టు కూసున్నడు. వచ్చినోళ్లు చీటీ సూసి ఆపిన్రు, ముప్పై లెక్కపెట్టి మళ్ల ఏసిన్రు, నడువలే. దోర్కా వంగి సూసింది. ఆమె చూపు వైరు మీద ఆగింది, తర్వాత ఆయన మొఖం మీద ఆగింది. "ఇది నాతోని గాదు, అన్ననే పిలువున్రి" అన్నది. ఆయన రెండు దెబ్బలు కొట్టి, చాటుంగ వైరు లోపలికి నూకిండు. కాయితం బయటికొచ్చింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది దోర్కానే. పన్నెండేండ్లు ఆయనకు దానంతటదే వచ్చిన పిలుపు, ఇయ్యాల ఆమె ఇప్పిస్తే వచ్చింది.