నా గురిలోకి వచ్చిన మనిషి

మాది పుంగనూరు. 2009 ప్రాంతంలో నేవీలో ఉండగా, సముద్రపు దొంగల భయమున్న ఏడెన్ వైపు ఓడలకు కాపలా వెళ్ళాం. ఒక ఉదయం అనుమానంతో ఒక సరుకు పడవను ఆపించాం. సోదా చేయడానికి మావాళ్ళు నలుగురు తాళ్ళ నిచ్చెన ఎక్కుతున్నారు. రెండు చేతులా తాడు పట్టుకున్న వాళ్ళకు, కింద చిన్న బోటులో తుపాకీతో ఉన్న నేనే రక్షణ.

అంతలో పడవ మీద ఒకడు, చేతిలో పొడవాటిదేదో మెరుస్తుండగా నిచ్చెన వైపు పరుగెత్తుకొచ్చాడు. ఇంగ్లీషులో, హిందీలో ఆగమని అరిచాను. ఆగలేదు. నా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది. కంగారులో నోట తెలుగు వచ్చేసింది.

"ఆడే నిలబడప్పా, కాల్చేస్తా!"

అతను టక్కున ఆగిపోయాడు. చేతిలోది జారి కింద పడింది. అది ఇనుప గరిటె.

"కాల్సొద్దు సామీ, వంటోణ్ణి. మాది కుప్పం. మన జెండా సూసి సంతోషంలో ఉరికొస్తి. మీది యా ఊరు?"

సోదాలో తప్పేమీ దొరకలేదు. కానీ ఆ ట్రిగ్గర్ నొక్కి ఉంటే అన్న ఆలోచన నన్ను నెలల తరబడి వదల్లేదు. సెలవుకు వచ్చినప్పుడు, సోదాలో రాసుకున్న పేరుతో కుప్పం వెళ్ళి అతని ఇల్లు వెతికి పట్టుకున్నాను. అతనూ అప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. "నన్ను కాల్సబోయిన సామి ఈయనే," అని భార్యకు నవ్వుతూ చూపించాడు.

ఆమె నన్ను తేరిపార చూసి, "కాల్సకుండా ఇడిసిపెట్టినావు గదప్పా, అదే పదివేలు. కూర్సో, సంగటి తిందువు," అంది.

ఆ పూట కడుపునిండా తిన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.