అందరూ నవ్విన ప్రశ్న

2006లో నేను మండవల్లిలో నర్సును. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చిలో పెద్దవాళ్లకు మతిమరుపు జబ్బు గురించి చెబుతున్నాను.

"బీపీ, షుగరు అదుపులో ఉంచుకోండి. రోజూ నడవండి, నలుగురితో మాట్లాడండి. జబ్బు అసలు రాదని కాదు గానీ, ముప్పు తగ్గుతుంది."

"ఇయ్యన్నీ ఎందుకండీ, ఓ సూదేసెయ్యండి," అన్నారొకరు.

రిటైరైన మాస్టారొకాయన, "వయసొస్తే మరుపు రాదేంటమ్మా? దానికీ జబ్బని పేరెట్టాలా?" అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఆయన లేచి, ఆడవాళ్ల వైపు కూర్చున్న భార్యను, "పద, ఇంటికెళ్దాం," అని పిలిచారు.

ఆవిడ పైట సర్దుకుని మర్యాదగా, "ఏవండీ, మీరెవరి తాలూకండీ?" అన్నారు.

అందరూ గొల్లున నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"కొన్నాళ్లుగా ఇంతేనమ్మా. చాదస్తమనుకున్నాను," అన్నారు.

ఏలూరులో డాక్టరుకు చూపించమని చెప్పాను. "వయసు కదండీ" అనే మాట వింటే నాకిప్పటికీ కోపం ఆగదు.