ఎడమ మలుపు

తెరమీద బుల్లి కారు ఎడమకు తిరగ్గానే, వాజిద్ భాయ్ కూడా ఎడమకు ఒరిగి స్టూలు మీంచి కింద పడ్డాడు. జాయ్‌స్టిక్ మాత్రం వదల్లేదు.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నడుమ ఆయన వీడియో గేముల గదిలో పదిహేనేళ్లుగా అదే కార్ల పందెం, అదే మొదటి భాగం. క్యాసెట్టును ఉఫ్‌మని ఊది, చొక్కా అంచుతో తుడిచి మరీ పెడతాడు. బయట కొత్త భాగం వచ్చినప్పుడల్లా లోపల రెండు స్టూళ్లు ఖాళీ అయ్యేవి. ఇప్పుడు మిగిలిన గిరాకీ జావా నేర్చుకునే దుర్గేష్ ఒక్కడే.

అతనే రెక్క పట్టుకుని లేపుతూ విసుక్కున్నాడు. "ఏంటి భాయ్, పంజాగుట్టలో కొత్త ఆట వచ్చింది, కార్లు గాల్లో ఎగురుతున్నాయి. మీరేమో ఇంకా ఈ మలుపులోనే! రేపట్నుంచి నేనూ అక్కడికే పోతా."

వాజిద్ భాయ్ మోకాలు దులుపుకున్నాడు.

"జమీన్ మీదనే గిట్ల పడుతున్న, దుర్గేష్ భాయ్! గాల్లకెళ్లి పడితే రేపు నన్ను ఎవరు లేపుతరు?"