మార్కుల కాగితానికి బొట్టు

ఈ జూలైలో ఒక మధ్యాహ్నం మా పెద్దన్న మనవరాలు లాప్‌టాప్ ముందు కూర్చుని ఇంజనీరింగ్ ప్రవేశానికి కాగితాలు ఎక్కిస్తోంది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. నా దృష్టిలో అది కూడా సాయమే. ఉన్నట్టుండి పిల్ల తల పట్టుకుంది. “నానమ్మా, మార్క్‌షీట్ రిజెక్ట్ ఝాలీ! సాఫ్ కనబడ్తలేదంట. పరత్ స్కాన్ చెయ్యాల్నంట!” అంది. మళ్లీ స్కాన్ చేసింది, పంపింది, ఏదో పచ్చ గుర్తు వచ్చింది. లేచి ఫ్రిజ్ తలుపు తీసి మామిడిపండు వెతుక్కుంది. నా చేతిలో చిక్కుడుకాయ మాత్రం అలాగే ఉండిపోయింది. కాగితం సాఫ్‌గా కనబడడం లేదన్న మాట మా ఇంటి పిల్లల విషయంలో నేను వినడం ఇది రెండోసారి. మొదటిసారి విన్నప్పుడు మా పెద్దబాపు పక్కనే ఉన్నాడు.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. బజారులో కిరాణా దుకాణం, బాబుపేట్‌లో ఇల్లు. మాది ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, గల్లా దగ్గర సగం హిందీ నడిచే సంసారం. చంద్రపూర్‌లో మాలాంటి కుటుంబాలు వీధికి నాలుగు ఉంటాయి కాబట్టి మాకది వింతగా ఎప్పుడూ తోచలేదు. పెద్దబాపు మెట్రిక్ దాకా వెళ్లి అక్కడి నుంచి మర్యాదగా వెనక్కి వచ్చిన మనిషి. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు ఇలాచీ కాయలతో ఉండేవాడు. ఆయన దగ్గర నిలబడితే చింతపండు, బెల్లం, కొత్త గోనెసంచి కలిసిన వాసన వచ్చేది. గొంతు పెద్దది, కోపం చిన్నది. ఆయనకు ఒకటే పట్టుదల: ఇంట్లోకి వచ్చిన కొత్త కాగితం ఏదైనా సరే, దేవుడి ముందు పెట్టి పసుపు కుంకుమ పెట్టకుండా వాడకూడదు.

దీపావళికి ఖాతా పుస్తకాలకు బొట్టు పెట్టడం బజారులో అందరూ చేసేదే. పెద్దబాపు అక్కడ ఆగేవాడు కాదు. లారీ రసీదుకు బొట్టు, కరెంటు మీటరు కాగితానికి బొట్టు, కలర్ టీవీ కొన్నప్పుడు గ్యారంటీ కార్డుకు నాలుగు మూలలా నాలుగు బొట్లు. ఇంటికి టెలిఫోన్ వచ్చినప్పుడు ఆ కాగితానికి ఎంత తడి కుంకుమ పెట్టాడంటే, మా నంబరులో చివరి అంకె ఏమిటో మాకే తెలియక కొన్నాళ్లు ఎవరికీ నంబరు ఇవ్వలేకపోయాం. పెద్దమ్మ దెప్పితే ఆయన నవ్వేవాడు. “కొత్త కోడలసొంటిదే కాయితం. ఉత్త నొసలుతోని ఇంట్లకెట్ల పిలుస్తం?” అనేవాడు. అప్పుడు మేమంతా ఆయనతో పాటే నవ్వాం.

అప్పట్లో మా మేనత్త బిడ్డ మా ఇంట్లో ఉండి చదువుకునేది. మేనత్త వాళ్లది గోండ్‌పిప్రి అవతల ఒక పల్లె. వరి, పత్తి, అడవి, పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. పదో తరగతి కాగానే పెద్దబాపు స్వయంగా వెళ్లి, “పిల్లను నాతోని పంపుండ్రి, మా ఇంట్ల ఓ ముద్ద ఎక్కువ వండుకుంటం” అని తీసుకొచ్చాడు. ఆ పిల్ల మాటలు తక్కువ, చేతులు ఎక్కువ. వచ్చిన వారానికే దుకాణంలో పాడైపోయిన రేడియోను విప్పి పరిచింది. మళ్లీ బిగించాక అది పాడింది కానీ రెండు స్క్రూలు మిగిలాయి, వాటిని పెద్దబాపు ఎంతో గౌరవంగా గల్లాలో దాచుకున్నాడు. ఇంట్లో గోల ఎక్కువని మిరపకాయల గోదాములో బస్తాల మీద కూర్చుని చదివేది. ఆ పిల్ల పుస్తకం తెరిస్తే క్లాసులో ముందు బెంచీ వాళ్లంతా తుమ్మేవాళ్లట. పన్నెండో తరగతి ఫలితాలు వచ్చేసరికి మా బజారులో ఎవరూ తెచ్చుకోనన్ని మార్కులు తెచ్చుకుంది.

అవి దేశమంతా తలుపులు తెరుస్తున్నారని పేపర్లో రోజూ రాసే రోజులు. మా దగ్గర తెరిచినవి ముఖ్యంగా ఎస్‌టీడీ బూత్‌లూ, కంప్యూటర్ క్లాసులూ, కాలేజీలూ. నిన్నటిదాకా పప్పుమిల్లు గోదాముగా ఉన్న షెడ్డుకు సున్నం కొట్టి ఇంజనీరింగ్ కాలేజీ అని బోర్డు పెట్టిన వాళ్లను నేనెరుగుదును. సీట్లు రెండు రకాలు: ఫ్రీ సీటు, పేమెంట్ సీటు. ఫ్రీ సీటు మార్కులకు వస్తుంది. పేమెంట్ సీటుకు ఇళ్లూ పొలాలూ కదులుతాయి. మేనత్త మగడు పిల్లకు ముందే చెప్పేశాడు, కోపంగా కాదు, తలవంచుకుని: “ఫ్రీ సీటొస్తె సదువు బిడ్డా. లేకుంటె నాతోటి కాదు. ఉన్న చేను అమ్మితె మీ తమ్ముళ్లు ఏం తింటరు?” ఆ పిల్ల సరేనంది. ఫ్రీ సీటు వస్తుందని దానికి తెలుసు, మాకూ తెలుసు. సీటు ఎంచుకోవడానికి నాగపూర్ రమ్మని పిలుపు వచ్చింది. వెళ్లి, పేరు పిలవగానే లేచి, అసలు మార్కుల కాగితం చూపించి, సీటు తీసుకుని రావడమే మిగిలింది.

బయలుదేరే రోజు తెల్లవారుజామున పెద్దబాపు తలస్నానం చేసి మార్కుల కాగితాన్ని దేవుడి ముందు పెట్టాడు. వేలితో తడి కుంకుమ తీసి పై అంచున స్వస్తిక్ వేశాడు, కింద బోర్డు వాళ్ల ముద్ర పక్కన పసుపు అద్దాడు. తర్వాత ఖాతా పుస్తకాలను చుట్టినట్టే కొత్త ఎర్రబట్టలో చుట్టి, దారంతో కట్టి, రెండు చేతులతో పిల్లకు అందించాడు. పిల్ల ఆయన కాళ్లకు మొక్కింది. ముగ్గురం రైలెక్కాం. నేనెందుకంటే, ఇంట్లో బీ.ఏ. చదివినదాన్ని నేనొక్కదాన్నే, ఆఫీసులో మాట్లాడడానికి పనికొస్తానని. వరోరా స్టేషన్‌లో వాన మొదలైంది. మా కిటికీ షట్టరు దిగలేదు. పెద్దబాపు బలమంతా పెట్టి లాగాడు, ఎదురు సీటాయన లాగాడు, అది కదల్లేదు. పిల్ల మూటను కొంగు కింద పెట్టుకుని వంగి కూర్చుంది. పెద్దబాపు తన గొడుగును కిటికీకి అడ్డంగా రైలు డబ్బాలోనే విప్పి పట్టుకున్నాడు. నాగపూర్ వరకూ ఆ గొడుగును చూసి జనం నవ్వుతూనే ఉన్నారు, మేమూ నవ్వుకుంటూనే ఉన్నాం.

సీట్లు ఇచ్చే హాలులో పిల్ల పేరు పిలిచారు. పిల్ల లేచి మూట విప్పింది. కొంగులోంచి దిగిన వానకు కొత్తబట్ట రంగు వదిలింది. కుంకుమ దానితో కలిసింది. కాగితం పైనుంచి కింది దాకా ఎర్రగా, మడతల దగ్గర ఇంకా ఎర్రగా ఉంది. పేరు కనబడుతోంది, నంబరు సగం కనబడుతోంది, మార్కులూ ముద్రా లేవు. బల్ల వెనక కూర్చున్న గుమాస్తా దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, “హే కాయ్? లగ్నపత్రికా ఆహే కా?” అన్నాడు. పెళ్లిపత్రికా ఇది అని అడిగినందుకు వెనక లైనంతా నవ్వింది. పిల్ల నవ్వలేదు. పెద్దబాపు బల్ల మీదికి వంగి, తన దుకాణం మరాఠీలో, ఆ ఎరుపు దేవుడిదనీ, వానదనీ, బట్టదనీ, పిల్లది మాత్రం కాదనీ చెప్పుకుంటూ పోయాడు. మాట్లాడడానికని వచ్చిన నా బీ.ఏ. ఆయన తడి గొడుగు పట్టుకుని నిలబడింది.

ఆ బల్ల దగ్గరి పెద్ద అధికారి చెడ్డవాడు కాదు. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. మా దగ్గరున్న జెరాక్స్ చూశాడు, నిట్టూర్చాడు, అసలు కాగితం సాఫ్‌గా కనబడకుండా సీటు రాయడం తన చేతుల్లో లేదన్నాడు. బోర్డు నుంచి రెండో కాపీ తెచ్చుకోవాలి, ఈలోగా వరస ఆగదు. మేం గోడ పక్కన నిలబడి ఉండగానే ఆ పిల్ల తర్వాతి పేరు పిలిచారు. జుట్టుకు నూనె బాగా పెట్టుకున్న ఒక కుర్రాడు పాలిథీన్ సంచీలోంచి తెల్లటి కాగితం తీసి చూపించి, సీటు రాయించుకుని వెళ్లిపోయాడు. వాడి తప్పు ఏమీ లేదు. కానీ ఆ తెల్లటి కాగితం నాకు ఇప్పటికీ కళ్లల్లో మెదులుతుంది.

రెండో కాపీ వచ్చేసరికి వానలు సగమయ్యాయి, ఫ్రీ సీట్లు మొత్తం అయిపోయాయి. మిగిలినవి పేమెంట్ సీట్లు. పెద్దబాపు కొన్నాళ్లు దుకాణానికి వెళ్లలేదు. దేవుడి గూటి ముందు కూర్చునేవాడు, దండం మాత్రం పెట్టేవాడు కాదు. ఒక సాయంత్రం అందరూ అన్నాలు తింటుండగా అన్నాడు: “దుకాణంల సగం వాటా అమ్ముత. నేను చేసిన దానికి నేనే కట్టాలె. పిల్లను పేమెంట్ సీట్ల చేర్పిస్త.” పెద్దమ్మ గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. మాట్లాడింది ఆ పిల్లే, కంచంలోకి చూస్తూ. “వద్దు మామా. నువ్వు దుకాణం అమ్మి సదివిస్తె, నేను ఆ నాలుగేండ్లు సదువుకుంటనా, నీ మొకం చూసుకుంట ఏడుస్తనా? గట్ల సదువొద్దు నాకు.” పెద్దబాపు కంచంలోనే చేయి కడుక్కుని లేచిపోయాడు. పెరట్లో నీళ్ల గాబు దగ్గర నిలబడి ఆయన ఏడవడం మేమంతా విన్నాం, ఎవరూ వెళ్లలేదు.

పాలిటెక్నిక్‌లో ఇంకా చోటుందని తెలిసింది. దానికి పదో తరగతి మార్కులు చాలు. ఆ కాగితం మేనత్త పెట్టెలో, చీరల మడతల మధ్య, పసుపూ కుంకుమా ఎరగకుండా భద్రంగా ఉంది. పిల్ల ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరింది. అది తనకన్నా చిన్నపిల్లల పక్కన కూర్చోవలసిన చదువు. అయినా కూర్చుంది. ఫీజు మాఫీ కావాలంటే తండ్రి ఆదాయం ఇంత తక్కువ అని ప్రతి ఏడూ తహసీలు కాగితం కావాలి. అది తెచ్చుకునే సమయానికి మేనత్త మగడికి విత్తనాల పని. అందుకని ఏటా పెద్దబాపే ఎర్రబస్సెక్కి గోండ్‌పిప్రి వెళ్లేవాడు. అక్కడి ఆఫీసు వరండాలో పొద్దంతా కూర్చుని, సాహెబు రాకపోతే మేనత్త ఊళ్లో పడుకుని, మర్నాడు మళ్లీ కూర్చుని తెచ్చేవాడు. తెచ్చిన కాగితాన్ని చక్కెర వచ్చే ప్లాస్టిక్ సంచీలో పెట్టి, చొక్కా లోపల బనీనుకు ఆనించి, గుండీలన్నీ పెట్టుకునేవాడు. ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కుని గానీ బయటికి తీసేవాడు కాదు. ఏ కాగితాన్నీ మళ్లీ దేవుడి ముందు పెట్టలేదు. దీపావళికి ఖాతా పుస్తకాలకు పెద్దమ్మే బొట్టు పెట్టేది. ఆయన గడప దగ్గర నిలబడి ఇంకెటో చూసేవాడు.

డిప్లొమా పట్టా చేతికొచ్చిన రోజు పిల్ల ఇంటికి రాకుండా తిన్నగా దుకాణానికి వెళ్లింది. నేను అక్కడే ఉన్నాను, ఎందుకంటే నా బీ.ఏ. పట్టా అప్పటికి నన్ను గల్లా వెనక స్టూలు దాకా చేర్చింది. పిల్ల పట్టాను గల్లా మీద పరిచి, పక్కన గూట్లో ఉన్న కుంకుమ భరిణె తీసి మూత తెరిచి ఆయన ముందు పెట్టింది.

“పెట్టు మామా,” అంది.

“వద్దే. నా చెయ్యి మంచిది గాదు.”

“నీ చెయ్యి మంచిది గాకుంటె నన్ను ఊరు నుంచి ఎవ్వలు తెచ్చిన్రు? పెట్టు. పెట్టకుంటె నేను దీన్ని కొలువుకు తీస్కపోను.”

బేరానికి వచ్చినవాళ్లు ఇద్దరు నిలబడి చూస్తున్నారు. పెద్దబాపు పంచెకు చేతులు తుడుచుకున్నాడు. పట్టాను నెమ్మదిగా బోర్లా తిప్పాడు. పొడి కుంకుమ, తడి లేకుండా, చిటికెడు తీసి వెనక వైపు ఒక మూలన అద్దాడు. వేలు చాలాసేపు అక్కడే ఉంచాడు. తర్వాత అదే వేలితో పిల్ల నుదుట పెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు, పప్పు డబ్బా సర్దుతున్నట్టు అటు తిరిగాను.

ఆ పట్టాతో పిల్ల సిమెంటు ఫ్యాక్టరీలో కొలువు తెచ్చుకుంది, తమ్ముళ్లను చదివించింది. అంతా మంచికే జరిగిందని చెబితే మాత్రం అబద్ధం. డిప్లొమా వాళ్లకు అక్కడ ఒక మెట్టు దాకానే దారి. తను పని నేర్పిన డిగ్రీ కుర్రాళ్లు తనకు పైఅధికారులై వచ్చారు, తనే లేచి నిలబడింది. ఆ సంగతి పెద్దబాపు బతికుండగా ఒక్కసారి కూడా ఇంట్లో అనలేదు. ఆయన పోయాక నాతో ఒకసారి అంది, “ఇంజనీరునైతే బాగుండు వదినా” అని. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మొన్న సాయంత్రం తను మా ఇంటికి వస్తే మనవరాలి మార్కుల కాగితం కథ చెప్పాను. తను నవ్వి, బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఫ్యాక్టరీ ఆఫీసులో పట్టా మళ్లీ చూపించమన్నారని తెచ్చిందట. ముందువైపు అక్షరాలు వెలిసిపోయి, కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ ఆనడం లేదు. తను దాన్ని బోర్లా తిప్పి నా ముందు పెట్టింది. మా ఇద్దరికీ వయసు మీదపడింది, కాగితం పచ్చబడింది. ఆ మూలనున్న బొట్టు మీంచి మాత్రం పెద్దబాపు వేలు ఇప్పుడే తీసినట్టుంది.